పశువుల వ్యాధి మనుషులకు ముప్పుగా మారితే ప్రభుత్వాలు ఏం చేస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి పశువ్యాధీ మనుషులకు ప్రమాదమేనా?

కాదు. గాలికుంటు వ్యాధి పాడిని కుదేలు చేస్తుంది కానీ మనిషికి సోకడం చాలా అరుదు, సోకినా తేలిగ్గానే పోతుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ పందుల మందలను ఊడ్చేస్తుంది, మనిషికి మాత్రం అంటదు. బర్డ్ ఫ్లూ, నిపా, రిఫ్ట్ వ్యాలీ జ్వరం, దొమ్మరోగంగా పిలిచే ఆంత్రాక్స్, బ్రూసెల్లోసిస్, క్యూ జ్వరం, ఆవులకు వచ్చే బీఎస్‌ఈ (మ్యాడ్ కౌ వ్యాధి) వంటివి అలా కాదు. ఇవి పశువుల కొట్టం దాటి ఇంట్లోకి వస్తాయి.

అధికారులు ముందుగా తేల్చుకోవలసింది వ్యాధి ఏ దారిన మనిషిని చేరుతోందన్నదే. గాలిలోనా, పచ్చిపాలతోనా, కోసిన మాంసంతోనా, ఈనిన పశువు మాయతోనా, దోమతోనా? దారి తెలియకుండా తీసుకున్న చర్య ఎంత పెద్దదైనా గురి తప్పుతుంది. ఇందుకు మలేసియాలో జరిగినదానికంటే బాధాకరమైన ఉదాహరణ లేదు. దాని గురించి కింద వివరంగా చెప్పాం.

రైతు నుంచి మొదటి ఫోన్ వచ్చిన రోజున ఏం జరగాలి?

ఆ ఫోన్ రావడమే అన్నిటికన్నా పెద్ద మేలు. ఎంత గొప్ప ల్యాబ్ ఉన్నా, ఎన్ని చట్టాలు ఉన్నా, రైతు చెప్పేదాకా ప్రభుత్వానికి ఏమీ కనబడదు.

ఫోన్ అందుకున్న పశువైద్యాధికారి అదే కాల్‌లో నాలుగు విషయాలు అడగాలి: ఏ పశువులు, ఎన్ని జబ్బుపడ్డాయి, ఎన్ని చనిపోయాయి, గత మూడు వారాల్లో ఏవి వచ్చి ఏవి బయటికి వెళ్లాయి. ఫలితం కోసం చూడకుండా, అనుమానం మీదనే ఆ ఫారం నుంచి పశువులు, పాలు, గుడ్లు, దాణా, ఎరువు, వాహనాలు కదలకూడదని నోటిమాటతో చెప్పి, వెంటనే రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అక్కడికి వెళ్లే బృందం వాహనాన్ని గేటు బయటే ఆపి, రక్షణ దుస్తులు గేటు దగ్గరే వేసుకుని, ముందు ఆరోగ్యంగా ఉన్న పశువులనూ తర్వాత జబ్బు పశువులనూ చూడాలి. ఈ వరస తారుమారైతే పరీక్షించడానికి వచ్చినవాళ్లే వ్యాధిని మోస్తారు. అదే రోజు స్థానిక ఆరోగ్య శాఖకు కబురు వెళ్లాలి: ఆ ఫారంలో పనిచేసేవాళ్లెవరు, వాళ్లలో ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్లకలక ఉన్నాయా అన్నది వాళ్లు చూడాలి.

చాలాచోట్ల జరిగే పొరపాటు ఏమిటంటే, ల్యాబ్ ఫలితం వచ్చేదాకా రాకపోకల ఉత్తర్వు ఆపడం. ఫలితం 'లేదు' అని వస్తే ఉత్తర్వు వెనక్కి తీసుకోవచ్చు. వెళ్లిపోయిన లారీని వెనక్కి తేలేం.

నమూనాలు ఎలా తీస్తారు? ఫలితం ఎన్నాళ్లకు వస్తుంది?

వ్యాధిని బట్టి మారుతుంది. బర్డ్ ఫ్లూ అనుమానమైతే కోళ్ల గొంతు నుంచి, మలద్వారం నుంచి స్వాబ్ తీసి, వైరస్ చెడిపోకుండా ఉంచే ద్రవంలో వేస్తారు. అదే వైరస్ పాడి ఆవుల్లో ఉంటే చూడాల్సింది పాలను, ఎందుకంటే అక్కడ అది పొదుగులో దండిగా పెరుగుతుంది. బ్రూసెల్లోసిస్‌కు రక్తం, పాలు. ఈసుకుపోయిన, అంటే గర్భస్రావమైన, పశువైతే మాయ, పిండం.

స్వాబ్‌లను 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కు చేర్చాలి. మామూలు ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, మళ్లీ పెడితే వైరస్ చచ్చిపోయి, లేదన్న తప్పుడు ఫలితం వస్తుంది. కారని సీసా, దాని చుట్టూ పీల్చే గుడ్డ లేదా దూది, రెండో గట్టి డబ్బా, దాని బయట పెట్టె, ఇలా మూడు పొరల్లో కట్టాలి. వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష గంటల్లో అయిపోతుంది. ఆలస్యమంతా దారిలోనూ, సరిగా నింపని నమూనా పత్రాల్లోనూ జరుగుతుంది.

దొమ్మ అనుమానం ఉంటే కళేబరాన్ని అసలు కోయకూడదు. హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారాల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే చెవి సిర నుంచి రెండు చుక్కల రక్తం చాలు. కోస్తే గాలి తగిలి బ్యాక్టీరియా స్పోర్లుగా, అంటే గట్టి పెంకున్న నిద్రాణ రూపంగా, మారుతుంది. ఆ స్పోర్లు దశాబ్దాల పాటు మట్టిలో బతికే ఉంటాయి.

ల్యాబ్ మొదట ఒక వ్యాధి చెప్పి, అసలుది వేరైతే?

1998 సెప్టెంబరులో మలేసియాలోని ఇపో ప్రాంతంలో పందుల ఫారాల్లో పనిచేసేవాళ్లకు మెదడువాపు మొదలైంది. కొందరి రక్తంలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఆనవాళ్లు కనిపించాయి. అంతే, ప్రభుత్వం దోమల మందు కొట్టించింది, ఆ వ్యాధికి టీకాలు వేయించింది. కేసులు ఆగలేదు.

లెక్కకు సరిపోని సూచనలు అప్పటికే కళ్లెదుట ఉన్నాయి. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వస్తుంది, ఇక్కడ పడిపోతున్నది పందులతో నేరుగా పనిచేసే పెద్దవాళ్లు. టీకా వేసుకున్నవాళ్లూ జబ్బుపడుతున్నారు. పందులు సైతం గట్టిగా దగ్గుతూ చనిపోతున్నాయి, ఆ వ్యాధిలో అలా జరగదు. ఈలోగా భయపడిన రైతులు పందులను చౌకగా అమ్మేయడంతో వైరస్ వాటితోపాటు దక్షిణాన నెగెరి సెంబిలాన్‌కు చేరింది. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయ వైరాలజిస్టు చువా కావ్ బింగ్ కొత్త వైరస్‌ను వేరుచేశాకే దారి తెలిసింది. అదే నిపా. అప్పటికి చాలా ఆలస్యమైంది: 265 మందికి మెదడువాపు, 105 మరణాలు. పది లక్షలకు పైగా పందులను చంపారు. ఆ పందులను దిగుమతి చేసుకున్న సింగపూర్‌లో కబేళా కార్మికులు 11 మంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు.

మొదటి రోగనిర్ధారణను రాతిశాసనంలా పట్టుకోకూడదు. చర్య తీసుకున్నాక, ఆ వ్యాధి పొదిగే కాలం దాటినా కేసులు తగ్గకపోతే, మనం అనుకున్న వ్యాధేనా అని మళ్లీ మొదటి నుంచి అడగాలి. వైద్యులూ పశువైద్యులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఈ ప్రశ్న త్వరగా వస్తుంది.

3 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు అని వలయాలు గీస్తారు కదా, ఆ లెక్క ఏమిటి?

యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం తీవ్ర బర్డ్ ఫ్లూ బయటపడిన ఫారం చుట్టూ కనీసం 3 కిలోమీటర్ల రక్షణ వలయం, 10 కిలోమీటర్ల నిఘా వలయం ఉంటాయి. మొదటిదాన్ని కనీసం 21 రోజులు, రెండోదాన్ని 30 రోజులు కొనసాగించాలి. లోపలి వలయంలో ప్రతి మందనూ లెక్కించి చూస్తారు, బయటి వలయంలో రాకపోకలకు అనుమతి పత్రం కావాలి.

వలయం గీయడం సులభం. కానీ వ్యాధి వలయాన్ని చూసి ఆగదు, లారీ ఎక్కి పోతుంది. అందుకే మ్యాపు మీద గీతతోపాటు రెండు జాబితాలు తయారు కావాలి: ఈ ఫారానికి వ్యాధి ఎక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు, ఇక్కడి నుంచి ఎక్కడికి పోయి ఉండవచ్చు. పశువుల వ్యాపారి, దాణా లారీ, పాల ట్యాంకరు, గుడ్ల అట్టలు, టీకాలు వేసే మనిషి, కోళ్లు పట్టే కూలీలు, చచ్చినవాటిని ఎత్తుకెళ్లే బండి, అన్నీ అందులో రావాలి. పశువులకు చెవి ట్యాగులు, అమ్మకాల నమోదు లేనిచోట ఈ పని మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. రైతు భయపడి ఉంటే ఆ జ్ఞాపకం నోరు విప్పదు.

రాకపోకలు ఆపడం రెండు మూడు రోజులు ఆలస్యమైతే అంత నష్టమా?

బ్రిటన్‌లో 2001 గాలికుంటు వ్యాధిని చూడండి. మనుషులకు ముప్పు లేని వ్యాధే అయినా యంత్రాంగం ఎలా తడబడుతుందో చెప్పడానికి దాన్ని మించింది లేదు. ఎసెక్స్‌లోని ఒక కబేళాలో ఫిబ్రవరి 20న నిర్ధారణ అయింది. దేశమంతటా పశువుల రవాణా ఆగింది 23న. ఆ మూడు రోజులే కాదు, అంతకుముందు గుట్టుగా గడిచిన వారాలు కూడా లెక్కలోకి వచ్చాయి: మొదటి కేసు బయటపడేనాటికే గొర్రెల సంతల ద్వారా కనీసం 57 ఫారాలకు వ్యాధి చేరిపోయిందని తర్వాతి విచారణలో తేలింది. చివరికి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది.

అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 సోకినట్టు 2024 మార్చి 25న ప్రకటించారు. పాలిచ్చే ఆవులను రాష్ట్రాల మధ్య తరలించే ముందు పరీక్ష తప్పనిసరి చేస్తూ కేంద్ర ఉత్తర్వు వచ్చింది ఏప్రిల్ 24న. పాల సేకరణ స్థాయిలోనే దేశవ్యాప్తంగా పరీక్షలు చేసే పథకం డిసెంబరులో మొదలైంది. ఈ మధ్యకాలంలో ఆవులతోపాటు వైరస్ చాలా రాష్ట్రాలు తిరిగింది.

వ్యాధి వస్తే మందనంతా చంపక తప్పదా?

వ్యాధిని బట్టి ఉంటుంది. ఈ తేడాను ప్రభుత్వాలు ప్రజలకు విడమరిచి చెప్పకపోవడం వల్లనే సగం కోపం పుడుతుంది.

తీవ్ర బర్డ్ ఫ్లూ సోకిన కోళ్ల షెడ్డులో వైరస్ పెరిగే వేగం ముందు వేరే దారి లేదు. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి హెచ్5ఎన్1 సోకి ఆరుగురు చనిపోయారు. డిసెంబరు చివర్లో కొద్ది రోజుల్లోనే అక్కడి కోళ్లన్నిటినీ, పది లక్షలకు పైగా, చంపారు. అంతటితో మనుషుల కేసులు ఆగాయి. ఆ తర్వాత బజారులో బాతులను, కోళ్లను కలిపి ఉంచకుండా వేరుచేయడం, నెలకోసారి బజారు ఖాళీ చేసి కడగడం, రాత్రి పూట బతికున్న కోళ్లను అక్కడ ఉంచకూడదనడం వంటి నిబంధనలు ఒక్కొక్కటిగా వచ్చాయి. మా అభిప్రాయంలో అసలు పాఠం ఈ రెండో భాగంలోనే ఉంది.

పాడి ఆవుల్లో అదే వైరస్ ఉన్నా వాటిని మూకుమ్మడిగా చంపలేదు. చాలావరకు ఆవులు కోలుకుంటాయి. జబ్బు ఆవును వేరుచేసి, పాలు పారబోసి, పాలు పిండే యంత్రాలను శుభ్రం చేస్తారు. నెదర్లాండ్స్‌లో క్యూ జ్వరం వచ్చినప్పుడు చూడి మేకలనే ఎంచుకుని 50 వేలకు పైగా చంపారు, ఎందుకంటే ఈనేటప్పుడు, ఈసుకుపోయినప్పుడు మాయతో కోట్లాది బ్యాక్టీరియా గాలిలో కలుస్తుంది. దొమ్మకు చంపడంతో పనిలేదు, చుట్టుపక్కల మందలకు టీకా వేయడమే మందు. రిఫ్ట్ వ్యాలీ జ్వరాన్ని దోమలు మోస్తాయి కాబట్టి పశువులను చంపి దాన్ని ఆపలేం.

అవసరం లేని వధకు ఉదాహరణ ఈజిప్టు. 2009లో మనుషుల మధ్య పాకుతున్న హెచ్1ఎన్1కు 'స్వైన్ ఫ్లూ' అన్న పేరు పడింది. దేశంలో పందులకు ఆ వైరస్ లేకపోయినా దాదాపు మూడు లక్షల పందులను చంపమన్నారు. ఇందుకు శాస్త్రీయ కారణం లేదని అంతర్జాతీయ సంస్థలు చెప్పినా వినలేదు. కైరోలో ఇంటింటి చెత్త ఏరుకుని, కుళ్లిన తిండిని పందులకు వేసి బతికే కుటుంబాల జీవనాధారం పోయింది, తినేవి లేక వీధుల్లో చెత్త పేరుకుపోయింది. ఫ్లూ మాత్రం మనుషుల ద్వారా వచ్చే తీరులోనే వచ్చింది.

చంపేటప్పుడు హింస లేకుండా చూడగలరా?

చూడాలి, చూడగలరు కూడా. కోళ్లను మూసిన పెట్టెల్లో లేదా గాలి చొరబడకుండా మూసేసిన షెడ్డులో కార్బన్ డయాక్సైడ్‌తో చంపుతారు. గాఢత 40 శాతం దాటి నిలకడగా ఉండాలి. పెట్టెలో కోళ్లను ఒకేసారి కుక్కితే పైవి గ్యాసుకు పోతాయి, కిందివి నలిగి చస్తాయి. పొరలు పొరలుగా వేస్తూ, ప్రతి పొరా కదలిక ఆగాకే తర్వాతిది వేయాలి. పెద్ద పశువులకు పశువైద్యుడి ఇంజెక్షన్ లేదా బోల్టు తుపాకీ. బోల్టు స్పృహ తప్పిస్తుందే తప్ప చావు ఖాయం చేయదు, కాబట్టి వెంటనే రెండో చర్య అవసరం. ఊరి జనం, పిల్లలు చూసేలా చేయకూడదు. యజమానిని అక్కడ నిలబడమని బలవంతపెట్టకూడదు. ఏళ్ల తరబడి పెంచిన మందను పోగొట్టుకుంటున్న మనిషికి మానసిక సాయం కూడా పరిహారంలో భాగమే.

కళేబరాలను ఏం చేస్తారు? పూడ్చితే చాలదా?

సంక్షోభాల్లో ఎక్కువ ప్రభుత్వాలు బోల్తాపడేది ఇక్కడే. చంపడం ఒక రోజు పని, వాటిని సరిగా వదిలించుకోవడం నెలల పని.

పూడ్చాలనుకుంటే ముందు లెక్క వేయాలి. పెద్ద ఆవు ఒకటికి సుమారు 1.5 ఘనపు మీటర్ల చోటు కావాలి. ఐదు పెద్ద గొర్రెలు లేదా పందులు ఒక ఆవుతో సమానం. 200 ఆవులంటే 300 ఘనపు మీటర్లు. 5 మీటర్ల లోతు, 3 మీటర్ల వెడల్పు గొయ్యిలో పైన 2 మీటర్లు మట్టికి వదిలితే మిగిలేది 3 మీటర్ల లోతే. అంటే గొయ్యి దాదాపు 34 మీటర్ల పొడవు ఉండాలి. గొయ్యి అడుగు భూగర్భ జలమట్టానికి బాగా పైన ఉండాలి. బావులు, చెరువులు, వాగులు దూరంగా ఉండాలి. నెమరువేసే పశువుల పొట్టలను పూడ్చేముందు చీల్చాలి, లేకపోతే గ్యాసుతో ఉబ్బి పైకి తేలతాయి. దొమ్మతో చనిపోయిన పశువుకు మాత్రం ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు, దాన్ని వీలైతే కాల్చేయడమే మేలు. దాని మీద సున్నం పోయడం పాత అలవాటు. కాల్షియం స్పోర్లు బతకడానికి తోడ్పడవచ్చు కాబట్టి ఇప్పుడు అది వద్దంటున్నారు.

2020 చివర్లో డెన్మార్క్‌లో కరోనా భయంతో చంపిన మింకులను (బొచ్చు కోసం పెంచే చిన్న జంతువులను) సైనిక భూముల్లో తొందరగా, పైపైన పూడ్చారు. గ్యాసు పట్టి కళేబరాలు నేలను చీల్చుకుని పైకొచ్చాయి. దగ్గర్లో సరస్సు ఉందని, తాగునీటి వనరులు ఉన్నాయని జనం ఆందోళన చెందారు. 2021లో వాటన్నిటినీ తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది. గొయ్యి ఎక్కడ తవ్వాలో శాంతికాలంలోనే ఎంచి, నేలను పరీక్షించి, మ్యాపులో గుర్తించి పెట్టుకోవాలి. వ్యాధి వచ్చాక స్థలం వెతికితే ఇలాగే అవుతుంది.

బ్రిటన్‌లో 2001లో ఆరుబయట చితులు పేర్చి కాల్చిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. పొగ మీద అభ్యంతరాలు రావడంతో మానేసి, గ్రేట్ ఆర్టన్ వంటిచోట్ల సామూహిక గోతులకు మళ్లారు. కోళ్లకు కంపోస్టు మంచి పద్ధతి: రంపపు పొట్టు, ఊక వంటి వాటితో పొరలుగా పేర్చి, లోపలి వేడి వరుసగా కనీసం మూడు రోజులు 55 డిగ్రీలు దాటేలా చూసి, రెండు వారాలకు తిరగేసి, మరో రెండు వారాలు ఉంచుతారు. థర్మామీటరు గుచ్చి రోజూ రాయకపోతే మాత్రం అది కంపోస్టు కాదు, చచ్చిన కోళ్ల కుప్ప.

బీఎస్‌ఈకి ఇవేవీ చాలవు. దాన్ని తెచ్చే ప్రియాన్ అనే వికృత ప్రొటీన్ మామూలు వేడికి లొంగదు. యూరప్‌లో అలాంటి పదార్థాన్ని కాల్చాలి, లేదా 5 సెంటీమీటర్లకు మించని ముక్కలుగా చేసి 133 డిగ్రీల వేడి, 3 బార్ల ఆవిరి ఒత్తిడిలో 20 నిమిషాలు ఉంచాక కాల్చడం వంటి తుది మార్గానికి పంపాలి.

షెడ్డును ఏ మందుతో శుభ్రం చేయాలి?

మందు కంటే ముందు చీపురు, సబ్బు నీళ్లు. పేడ, కొవ్వు, ఈకలు ఉన్న నేల మీద క్లోరిన్ చల్లితే ఆ మురికే మందును మింగేస్తుంది. ముందు గీకి, డిటర్జెంటుతో కడిగి, ఆరనిచ్చి అప్పుడు మందు. బర్డ్ ఫ్లూకు 2 శాతం కాస్టిక్ సోడా లేదా 2–3 శాతం క్లోరిన్ ఉన్న హైపోక్లోరైట్, కనీసం 10 నిమిషాలు తడిగా ఉండాలి. ఎండలో అయిదు నిమిషాలకే ఆరిపోతే మళ్లీ చల్లాలి. గాలికుంటు వైరస్ ఆమ్లానికీ క్షారానికీ రెండింటికీ లొంగుతుంది, 4 శాతం సోడా యాష్ (సోడియం కార్బొనేట్) లేదా 0.2 శాతం సిట్రిక్ ఆమ్లం చాలు. ఆమ్లాన్ని, క్లోరిన్ మందును ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. దొమ్మ స్పోర్లకు మామూలు మందులేవీ పనిచేయవు. అది నిపుణుల బృందం పని.

చంపే, పూడ్చే పనిలో ఉన్నవాళ్లను ఎలా కాపాడాలి?

ఒళ్లంతా కప్పే దుస్తులు, రెండు జతల చేతితొడుగులు, బూట్లు, కళ్లద్దాలు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు. జబ్బు ఎక్కువగా అంటేది వేసుకునేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. చేతితొడుగులు, సూటు ముందు తీసి, చేతులు కడిగి, కళ్లద్దాలు, అన్నిటికన్నా చివర మాస్కు తీయాలి. పక్కన ఒకరు నిలబడి వరస చెబుతుండాలి. ఎండలో సూటు వేసుకుని గంటల తరబడి పనిచేస్తే వడదెబ్బ తగులుతుంది కాబట్టి చిన్న విడతలుగా మార్చాలి.

బర్డ్ ఫ్లూ అయితే పనిచేసిన చివరి రోజు నుంచి 10 రోజులు జ్వరం, దగ్గు, కళ్లమంట గమనించాలి. రక్షణ లేకుండా తాకినవాళ్లకు వైద్యుడి సలహాతో ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు ఇస్తారు. మామూలు ఫ్లూ టీకా కూడా వేయిస్తారు. అది బర్డ్ ఫ్లూను ఆపదు, కానీ ఒకే మనిషిలో రెండు వైరస్‌లు కలిసి కొత్తది పుట్టే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఫిన్లండ్ 2024లో ఒక అడుగు ముందుకేసి బొచ్చు జంతువుల ఫారాల, కోళ్ల ఫారాల కార్మికులకు హెచ్5 టీకానే అందించింది.

రోజుకూలీలు, వలస కార్మికులు జబ్బు చెబితే పని పోతుందని దాచుకుంటారు. జీతంతో కూడిన సెలవు ఇవ్వని నిఘా కాగితం మీదే ఉంటుంది.

పాలు, గుడ్లు, మాంసం తినొచ్చా?

పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు లేదా 63 డిగ్రీల దగ్గర అరగంట పాశ్చరైజ్ చేస్తే బర్డ్ ఫ్లూ వైరస్, బ్రూసెల్లోసిస్ తెచ్చే బ్రూసెల్లా బ్యాక్టీరియా రెండూ పోతాయి. ఇంట్లో పొంగించి కాచినా చాలు. పచ్చిపాలు, వాటితో చేసిన చీజ్ ప్రమాదం. కోడిమాంసం మధ్యభాగం 70 డిగ్రీలు దాటేలా, గుడ్డు సొన గట్టిపడేలా ఉడికితే భయం లేదు. ముప్పు తినేటప్పటికంటే కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడే ఎక్కువ. జబ్బుతో చచ్చిన పశువును కోసి పంచుకోవడం మాత్రం ఎంత ఉడికించినా చేయకూడని పని. దొమ్మ మనుషులకు ఎక్కువగా అంటేది అలాగే.

పరిహారం ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి?

ఎంత అన్నదీ, ఎప్పుడు అన్నదీ రెండూ పెద్ద ప్రశ్నలే. బ్రిటన్‌లో 1988లో బీఎస్‌ఈ నిర్ధారణ అయిన ఆవుకు విలువలో సగమే ఇచ్చారు. జబ్బు ఆవును చూపిస్తే సగం, చూపించకుండా అమ్మేస్తే పూర్తి ధర అన్నమాట. ఎవరు చూపిస్తారు? 1990 ఫిబ్రవరిలో దాన్ని పూర్తి విలువకు పెంచారు.

అలాగని మార్కెట్ ధర కంటే ఎక్కువ ఇచ్చినా ముప్పే, జబ్బు పశువులను తెచ్చి కలిపేవాళ్లు తయారవుతారు. చంపినవాటికి ఇచ్చి, చచ్చినవాటికి ఇవ్వకపోవడం మంచి మెలిక: తొందరగా చెప్పినవాడికి ఎక్కువ పశువులు బతికి ఉంటాయి కాబట్టి ఎక్కువ డబ్బు వస్తుంది. వధకు ముందే రైతు ఎదుట లెక్కపెట్టి, వయసు, రకం రాసి, సంతకం తీసుకుని, ఒక ప్రతి ఆయన చేతికి ఇవ్వాలి. పక్క రైతుకు డబ్బు అందలేదని తెలిస్తే తర్వాతి ఊళ్లో ఫోన్ రాదు. షెడ్డు ఖాళీగా ఉన్న నెలల ఆదాయం ఎక్కువ పథకాల్లో లెక్కలోకే రాదు. దాన్ని చేర్చాలన్నదే మా వాదన. కాంట్రాక్టు మీద పెంచే రైతుకు, కోళ్ల యజమాని అయిన కంపెనీకి మధ్య వాటా ఎలా అన్నది కూడా ఉత్తర్వులో ముందే రాయాలి.

టీకా ఉంటే ఎందుకు వేయరు?

కొన్ని దేశాలు టీకా వేసిన పశువుల మాంసం కొనవు, ఎందుకంటే టీకా వల్ల వచ్చిన ప్రతిరక్షకాలకూ వ్యాధి వల్ల వచ్చినవాటికీ తేడా తెలియకపోతే వైరస్ గుట్టుగా తిరగవచ్చు. ఈ తేడా చూపే టీకాలు, వాటికి జత పరీక్షలు ఇప్పుడున్నాయి. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి 250కి మించి బాతులున్న ఫారాల్లో బర్డ్ ఫ్లూ టీకా తప్పనిసరి చేసింది. వెంటనే అమెరికా ఆంక్షలు పెట్టింది, అయినా ఫ్రాన్స్ వెనక్కి తగ్గలేదు.

రిఫ్ట్ వ్యాలీ జ్వరానికి టీకా వానలకు ముందు వేయాలి. వ్యాధి పాకుతుండగా ఒకే సూదితో మందంతా పొడిస్తే వైరస్‌ను మనమే ఎక్కించినట్టు. పాత స్మిత్‌బర్న్ టీకాతో చూడి పశువులు ఈసుకుపోతాయి. 2006 చివర్లో తూర్పు ఆఫ్రికాలో వ్యాధి వస్తుందని సముద్రపు వేడి, పచ్చదనం ఉపగ్రహ చిత్రాలను చూసి ముందే హెచ్చరించారు. డిసెంబరులో కెన్యాలో వచ్చేసింది. హెచ్చరిక నుంచి సూది దాకా డబ్బు, సిబ్బంది, టీకాలను చల్లగా చేరవేసే కోల్డ్ చైన్ కదలకపోతే ముందే తెలిసీ లాభం లేదు.

దొమ్మ టీకా బతికున్న స్పోర్లతో చేస్తారు. అదే సమయంలో యాంటీబయాటిక్ ఇస్తే టీకా చచ్చిపోతుంది.

ప్రజలకు ఎంత చెప్పాలి? భయపడరా?

1990 మేలో బ్రిటన్ వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు తన చిన్నకూతురికి బీఫ్ బర్గర్ తినిపించబోయారు. గొడ్డుమాంసం సురక్షితమన్న భరోసాలు ఏళ్లపాటు కొనసాగాయి. 1996 మార్చి 20న, ఆవుల బీఎస్‌ఈకీ మనుషుల్లో కనిపించిన కొత్త మెదడు జబ్బుకూ సంబంధం ఉండవచ్చని అదే ప్రభుత్వం పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఆ జబ్బుతో 178 మంది చనిపోయారు. 2000లో వచ్చిన ఫిలిప్స్ విచారణ నివేదిక ఆ భరోసా ప్రచారం తప్పని తేల్చింది. జనం భయపడతారేమోనని దాచితే, నిజం బయటపడిన రోజున ప్రభుత్వం చెప్పే మంచిమాట కూడా నమ్మరు.

నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 దాకా నాలుగు వేలకు పైగా క్యూ జ్వరం కేసులు నమోదయ్యాయి. ఏ మేకల ఫారాల్లో వ్యాధి ఉందో రైతుల గోప్యత పేరుతో 2009 చివరిదాకా బయటపెట్టలేదు. గుండె కవాటాల జబ్బున్నవాళ్లు, గర్భిణులు తమ పక్కనే ముప్పుందని తెలియకుండా గడిపారు. రైతు పరువు కాపాడటం అవసరమే, కానీ గాలిలో వచ్చే వ్యాధిని గుట్టుగా ఉంచే హక్కు ఎవరికీ లేదు.

ఏం తెలుసు, ఏం తెలియదు, తెలుసుకోవడానికి ఏం చేస్తున్నాం, మళ్లీ ఎప్పుడు చెబుతాం: రోజూ ఒకే సమయానికి, ఒకే మనిషి ఈ నాలుగూ చెబితే పుకారుకు చోటు తగ్గుతుంది.

అత్యవసరమని చెప్పి ప్రభుత్వం ఏ పశువునైనా చంపించవచ్చా?

చట్టం ఉంటేనే. డెన్మార్క్ ప్రభుత్వం 2020 నవంబరు 4న దేశంలోని మింకులన్నిటినీ చంపమంది. వ్యాధి లేని, వలయాల బయట ఉన్న ఫారాల విషయంలో అలా ఆదేశించే అధికారం తనకు లేదని రోజుల్లోనే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆహార మంత్రి మొగెన్స్ యెన్సెన్ నవంబరు 18న రాజీనామా చేశారు. ప్రవేశించే అధికారం, పరీక్షించే అధికారం, రవాణా ఆపే అధికారం, చంపే అధికారం, పరిహారం ఇచ్చే బాధ్యత, అప్పీలుకు గడువు, ఇవన్నీ ముందే చట్టంలో ఉండాలి.

ఇతర దేశాలకు ఎప్పుడు చెప్పాలి?

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు నిర్ధారణ అయిన 24 గంటల్లో. 1920లో బ్రెజిల్ వెళ్తూ బెల్జియం రేవులో ఆగిన పశువుల నుంచి అక్కడ రిండర్‌పెస్ట్ (పశువుల ప్లేగు) పాకడమే 1924లో ఆ సంస్థ పుట్టుకకు దారితీసింది. మనుషుల వైపు నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల ప్రకారం సంఘటనను 48 గంటల్లో అంచనా వేసి, ముప్పు తేలితే మరో 24 గంటల్లో తెలపాలి. చెబితే ఎగుమతులు ఆగుతాయన్న భయం నిజమే. అందుకే దేశమంతా కాకుండా ఒక ప్రాంతాన్నే వేరుచేసి మిగతాదాన్ని వ్యాధి లేనిదిగా గుర్తించే ఒప్పందాలు ముందే చేసుకోవాలి.

సంక్షోభం ముగిసిందని ఎలా తెలుస్తుంది?

తీవ్ర బర్డ్ ఫ్లూలో చివరి ఫారంలో వధ, శుభ్రం పూర్తయ్యాక కనీసం 28 రోజులు, నిఘా కొనసాగుతూ కొత్త కేసు లేకుండా గడవాలి. టీకా వాడకుండా గాలికుంటును అణిచిన దేశానికి మూడు నెలలు. షెడ్డులో మళ్లీ కోళ్లు పెట్టేటప్పుడు ఒకేసారి నింపకుండా, ముందు కొన్నిటిని వదిలి, మూడు వారాలు చూసి, పరీక్షలు చేశాక మిగతావి తెస్తారు. మనుషుల నిఘాను దానితోపాటు ఆపకూడదు: క్యూ జ్వరం కొందరిలో నెలలు, ఏళ్ల తర్వాత గుండె జబ్బుగా బయటపడుతుంది.

రైతుగా నేను ఏ లక్షణం కనిపిస్తే ఫోన్ చేయాలి?

షెడ్డులో మామూలు కంటే ఎక్కువ కోళ్లు ఒకటి రెండు రోజుల్లో చనిపోవడం, తలలు వాచి తురాయి నల్లబడటం, గుడ్లు, మేత ఒక్కసారిగా తగ్గడం. ఆవుల పాలు హఠాత్తుగా తగ్గి చిక్కగా, పసుపుగా రావడం. మందలో వరుసగా పశువులు ఈసుకుపోవడం. నిన్న బాగున్న పశువు ఈరోజు చచ్చి పడి ఉండి రక్తం కారడం. పశువులతోపాటు ఇంట్లోవాళ్లకూ జ్వరం రావడం.

ఫోన్ చేసి, అధికారి వచ్చి చెప్పేదాకా దేన్నీ అమ్మకండి, చచ్చినదాన్ని కాలువలో వేయకండి, కోయకండి, పక్క ఫారానికి వెళ్లకండి. మాయను, పిండాన్ని ఒట్టి చేతులతో ముట్టుకోకండి, గర్భిణులను కొట్టానికి దూరంగా ఉంచండి. ఏ రోజు ఏది చనిపోయింది, ఎవరు వచ్చి వెళ్లారు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టండి. వచ్చే అధికారి మొదట అడిగేది అదే.